కౌబాయ్ ఎమ్మెల్యే, పెండ్లి గుర్రం

ఉత్తర తెలంగాణ చరిత్రలో ఒక మహత్తర ఘట్టం మొదలవుతున్నదని ఎమ్మెల్యే సుదర్శన్‌రావుగారు ఆదిలాబాద్ గెస్ట్‌హౌస్‌లో విలేకరులకు ప్రకటించారు. ఆయన కౌబాయ్ సినిమాలో హీరోగా నటిస్తున్నారు.

"ఎమ్మెల్యే కనబడుతలేడని జనం అంటున్నరు. ఇగ డెబ్బై ఎం.ఎం.ల కనబడుత" అన్నారు.

"టోపీ అమెరికాది, తొడ మనది" అని మద్రాసు డైరెక్టర్ సినిమా సిద్ధాంతాన్ని వివరించాడు.

గుర్రం మాత్రం మొగిలిది. ఇచ్చోడ అవతల బండలవాడలో ఉంటాడు. చుట్టుపక్కల ఏ పెండ్లికొడుకైనా మొగిలి గుర్రమెక్కి ఊరేగాల్సిందే. వాడలో బోరింగు చెడిపోయి ఏండ్లయింది. ఆడవాళ్ళు వాగుకు పోయి, ఇసుకలో తవ్విన చెలిమె నీళ్ళు మోస్తున్నారు.

"బోరింగ్ ఏయించుర్రి దొరా, గుర్రం తోలుకొస్త" అన్నాడు మొగిలి.

"బోరింగ్ లేంది సినిమానే లేదు, పో" అన్నారు ఎమ్మెల్యేగారు.

షూటింగ్ బండలవాడలోనే మొదలైంది. నడిఎండలో తోలు కోటు తొడుక్కుని ఎమ్మెల్యేగారు గుర్రమెక్కారు. ముందు దొంగలు బ్యాంకు సొమ్ముతో ఉరుకుతున్నారు. గుర్రం మాత్రం కదలలేదు.

"బ్యాండ్ కొట్టంది నడువదు దొరా. దానికి గదే అలవాటు" అన్నాడు మొగిలి.

బ్యాండు వచ్చింది. గుర్రం అడుగులో అడుగు వేసి, నడుము తిప్పుకుంటూ దొంగల వెంట పడింది. వాడలోని ముసలమ్మ కనకవ్వ ఇంటి ముందుకు రాగానే ఆగింది.

"మల్లేమైందిరా?"

"ప్రతి గడపల దాని కాళ్ళకు నీళ్ళు పోసి ఆరతి ఇయ్యాలె. అప్పుడే కదులుతది."

కనకవ్వ ఖాళీ చెంబుతో వాకిట్లోకి వచ్చింది. "నీళ్ళేడియి బిడ్డా? వాగుకు పోయిన కోడలు ఇంక రాలే. ఫికర్ జెయ్యకు, గుర్రం మీదనే కూసో."

దొంగలు కూడా అరుగు మీద కూర్చుని బీడీలు ముట్టించారు. ఇంటింటికీ ఇదే తంతు. ఎమ్మెల్యేగారు ప్రతి గడపకూ పోయి ప్రజల నీటి కష్టాలు స్వయంగా విన్నారని మర్నాడు పేపర్లు రాశాయి. యాక్షన్ సినిమా కాస్తా కామెడీ అయిందని డైరెక్టర్ సంబరపడ్డాడు.

చివరికి వాడ నడుమ పైపు దిగింది. ఎమ్మెల్యేగారు తొడగొట్టి, పిస్తోలుతో నేలను కాల్చారు. నీళ్ళు తాటిచెట్టంత లేచాయి. బిందెలు నిండాయి. మొగిలి గుక్కపట్టి ఏడ్చాడు. కెమెరా ఆ ఏడుపును దగ్గరగా పట్టుకుంది.

సాయంత్రం పైపునూ, దాని కింద పాతిపెట్టిన నీళ్ళ ట్యాంకునూ పెరికి లారీకెక్కించారు.

"గిదేంది సార్?" అన్నాడు మొగిలి.

"సెట్టు సామాను. రేపు ఆసిఫాబాద్ దిక్కు ఇంకో ఊరికి నీళ్ళు రావాలి" అన్నాడు డైరెక్టర్.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. ఎమ్మెల్యేగారు మళ్ళీ గెలిచారు. మొగిలి బోరింగు కోసం ఇంజనీరు ఆఫీసుకు పోయాడు.

"బండలవాడనా? మీకు బోరింగ్ పడ్డది గదనయ్యా" అన్నాడు ఇంజనీరు.

"పడలే సార్."

"నేను పిల్లలను తోలుకపోయి రెండుసార్లు చూసిన. నీళ్ళు పడంగనే ఏడ్చింది నువ్వే గద?"

ఆఫీసంతా లేచి నిలబడింది. మొగిలికి కుర్చీ వేశారు, చాయ్ తెప్పించారు. "జర గట్లనే ఇంకోసారి ఏడువన్నా, మా మేడం సినిమా చూడలే" అని క్లర్కు బతిమాలాడు.

మొగిలి ఏడ్చాడు. అచ్చం సినిమాలో ఏడ్చినట్టే ఉందని అందరూ మెచ్చుకున్నారు.