ఉయ్యాల బోల్టులు

ఆ శనివారం మంగరాజు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే జీపుకి వించ్ బిగించడం, పదకొండింటికి వచ్చే సురేంద్రగారికి చూపించడం, అద్దె కాగితం మీద సంతకం పెట్టించుకోవడం, భోంచేసి పడుకోవడం. ఏది జరక్కపోయినా ఆఖరిది మాత్రం జరిగి తీరుతుందనుకున్నాడు. అదీ జరగలేదు.

అసలే మనిషికి నిలకడ తక్కువ. కూర్చుంటే కాలు ఊపుతాడు, నిలబడితే తాళాలు ఆడిస్తాడు. ఇప్పుడు దానికి తోడు బెంగ కూడా పట్టుకుంది. మస్కట్ ఎడారిలో ఏళ్ళ తరబడి బళ్ళు తోలి, ఇంక చాలనుకుని వచ్చేసి పాత జీపు ఒకటి కొనుక్కున్నాడు. ఓడలరేవు దగ్గర గ్యాసు పనులు చేయించే కంట్రాక్టరు ఆ జీపుని అద్దెకు పెట్టుకుంటానన్నాడు. కాకపోతే ఇసకలో దిగబడ్డ బండి తనని తానే బయటికి లాక్కునేలా ముందు వించ్, అంటే తీగ చుట్టుకుంటూ లాగే యంత్రం, ఉండాలన్నాడు. జీపు నెగ్గితే మంగరాజు ఇంటిపట్టున ఉంటాడు. నెగ్గకపోతే నెలాఖరుకి మళ్ళీ మస్కట్. వీసా వచ్చి బీరువాలో కూర్చుంది. కూతురు తులసి మొన్నమొన్నటిదాకా నాన్నంటే టెలిఫోనే అనుకునేది. ఆ పిల్లని మళ్ళీ వదిలి వెళ్ళాలనుకుంటేనే మంగరాజుకి ముద్ద దిగడం లేదు.

అందుకే వించ్ ఎంపికలో ఎవరి మాటా వినలేదు. మెకానిక్ యేసురత్నం పడవల మీద వాడే చేతి వించ్ చాలన్నాడు. "తిప్పేవాడు తిప్పుతూంటాడండి, మీరు స్టీరింగు పట్టుకు కూర్చోవచ్చు," అని ఆశ పెట్టాడు. మంగరాజు ససేమిరా అని, బండి బరువుకి ఒకటిన్నర రెట్లు లాగే కరెంటు వించ్ విశాఖపట్నం నించి తెప్పించాడు. శుక్రవారం సాయంత్రం పెట్టె దిగింది. శనివారం పొద్దున్న విప్పితే వించ్ ఉంది, ఇనప తీగ ఉంది, కొక్కెం ఉంది, స్విచ్చి ఉంది. బిగించే బోల్టులు లేవు.

"బంపరుకి వైరేసి కట్టేద్దామాండి?" అన్నాడు యేసురత్నం.

"బంపరుకి కడితే బంపరొక్కటే వెళ్తుంది రత్నం. బండి ఇక్కడే ఉంటుంది. కింది చట్రానికి, ఛాసిస్‌కే బిగించాలి. గట్టి బోల్టులు నాలుగు కావాలి. అమలాపురం వెళ్ళి చిటికెలో తెచ్చేస్తాను."

అరుగు మీంచి అత్తగారు రాజేశ్వరమ్మ దగ్గారు. ఇల్లు ఆవిడది, పెరడు ఆవిడది, జీపు నిలబడ్డ చోటు కూడా ఆవిడదే.

"శనివారం పూట ఇనుము కొనుక్కొస్తారాండి, అల్లుడుగారూ?"

"నాలుగు బోల్టులేనండి అత్తగారూ."

"మీ మావగారు నాగటి కర్రు ఒక్కటే తెచ్చేరండి, శనివారం. తెల్లారేసరికి ఎద్దు కాలు విరిగింది."

"నాకు శనివారం పట్టింపు లేదండి. నేను కొంటానండి," అన్నాడు యేసురత్నం.

"కొనుక్కో నాయనా. మా గుమ్మంలోకి తేకు. ఇంట్లో ఉన్న ఇనుము ఎంతైనా వాడుకోండి, నేనేం అనను," అని ఆవిడ జీపు పూజకి పువ్వులు కోసుకొస్తానని పక్కింటికి వెళ్ళారు.

ఇంట్లో ఉన్న ఇనుము కోసం మంగరాజు గాలించని చోటు లేదు. చివరికి చూపు హాల్లో వేలాడుతున్న టేకు ఉయ్యాల మీద పడింది. కాలవ లాకులకి తలుపులు మార్చినప్పుడు మావగారు తెచ్చుకున్న బోల్టులు దానికి నాలుగు మూలలా ఉన్నాయి, ఒక్కోటి బొటనవేలంత లావు. అత్తగారు పగలంతా ఆ ఉయ్యాల మీదే ఉంటారు. ఇల్లంతటినీ అక్కణ్ణించే నడిపిస్తారు.

"సురేంద్రగారు చూసి వెళ్ళగానే తిరిగి పెట్టేద్దాం," అని మంగరాజు బోల్టులు ఊడదీశాడు. వాటి చోట గొలుసులకి కొబ్బరి తాడు పెనవేసి, ముడులు కనపడకుండా దుప్పటి కప్పాడు. బోల్టులు ఛాసిస్‌కి కొలిచి చేసినట్టు సరిపోయాయి. పూజ కూడా అయింది. అత్తగారు వించ్‌కి పసుపు రాసి, కొక్కేనికి బంతిపూల దండ వేశారు. తరవాత ఉయ్యాలవైపు నడిచారు.

"అత్తగారూ, నిమ్మకాయలు పెట్టడం మర్చిపోయేం," అని మంగరాజు అడ్డం వచ్చాడు. నిమ్మకాయలు పెట్టి మళ్ళీ బయల్దేరారు. "అత్తగారూ, వంటింట్లో పాలు పొంగినట్టున్నాయండి." ఆవిడ అటు వెళ్ళగానే తులసి ఉయ్యాలెక్కబోయింది. మంగరాజు పిల్లని ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తాడు. భార్య కనకదుర్గ ఇదంతా చూసి, పాపం పరీక్ష భయంతో మనిషికి మతి చలించిందనుకుంది.

సురేంద్రగారు చెప్పిన వేళకన్నా ముందే వచ్చేశారు. కంట్రాక్టరు తరఫున బళ్ళు చూసి ఒప్పుకునేది, ఒప్పుకోనిదీ ఆయనే. వీధిలో కారు దిగేసరికి కనకదుర్గ ఎదురెళ్ళి లోపలికి పిలిచి, ఇంట్లోకల్లా గొప్ప ఆసనం చూపించింది. ఆయన వెళ్ళి ఉయ్యాల మీద కూర్చున్నారు.

పెరట్లోంచి మంగరాజు వచ్చి చూసేసరికి ఆయన చేతిలో పూతరేకు ఉంది, కాలు నేలని తన్నబోతోంది. మంగరాజు ఒక్క అంగలో వచ్చి బల్లని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఊగకండి సార్."

"ఏం?"

"తిన్నది అరగదండి. జీపు చూద్దాం రండి."

"కాఫీ తెస్తున్నారు కదండీ."

"అక్కడే తాగుదురుగాని. ఇక్కడ ఉక్కగా ఉందండి."

సురేంద్రగారికి అనుమానం వచ్చింది. ఇలా తొందరపెట్టేవాడు బండిలో ఏదో దాస్తున్నాడనుకుని, ఎప్పుడూ చూడనంత వివరంగా జీపంతా చూశారు. కింద దూరారు, వైర్లు లాగారు, బోల్టుల మీద సుత్తితో కొట్టారు. అవి ఖంగుమన్నాయి. జీపుని పెరటి పక్క నీళ్ళు పారే బోదెలోకి దింపించి, తీగని అవతలి గట్టు మీది చింతచెట్టుకి కట్టించి లాగమన్నారు. మంగరాజు చెట్టు బెరడు కోసుకుపోకుండా మొదలికి వెడల్పాటి పట్టీ చుట్టి, తెగితే ఎగిరి కొట్టకుండా తీగ మీద తడి గోనె వేసి, స్విచ్చి నొక్కాడు. జీపు బుద్ధిగా గట్టెక్కింది.

"భేషుగ్గా ఉందండి మంగరాజుగారూ. ఇంత గట్టి బిగింపు నేనెక్కడా చూడలేదు. సంతకం పెట్టేస్తాను."

మంగరాజుకి ఆనందంతో కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ ఆనందంలో తీగ చుట్టుకుంటూ, సురేంద్రగారు సంతకం పెట్టడానికి ఎక్కడ కూర్చుంటారన్నది మర్చిపోయాడు.

హాల్లోంచి పెద్ద చప్పుడు వచ్చింది.

పరిగెత్తుకెళ్ళి చూస్తే ఉయ్యాల బల్ల నేల మీద ఉంది, దాని మీద సురేంద్రగారు, ఆయన మీద కాఫీ. ఎత్తు మోకాలంతే కాబట్టి దెబ్బేం తగల్లేదు. పరువు మాత్రం బాగా కమిలింది. కాలర్లోంచి పూతరేకు పొడి దులుపుకుంటూ, "దీనికి బోల్టులుండవాండి?" అని అడిగారు.

"ఎందుకుండవండి, మంచివే ఉంటాయి. పొద్దున్నే జీపుకి పెట్టేం కదండీ," అన్నాడు యేసురత్నం, ఇంటివాళ్ళ మర్యాద కాపాడుతున్నాననుకుని.

సురేంద్రగారు లేచి నిలబడ్డారు. "ఉయ్యాల బోల్టులతో కంపెనీ బండాండి? రేపు ఇంకెక్కడివి ఊడదీస్తారో. మీ జీపు వద్దు," అని కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

రాజేశ్వరమ్మగారే మొదట నోరు విప్పారు. "ముందు నా బోల్టులు నాకు పెట్టండి." మంగరాజు జీపు నించి ఊడదీసి ఉయ్యాలకి బిగించాడు. చేతులు పనిచేస్తున్నాయి గాని మనసు మస్కట్ చేరిపోయింది. కనకదుర్గ కుర్చీ వేసుకుని అటక మీంచి పెద్ద సూట్‌కేసు దింపి, దుమ్ము తుడుస్తూ ఏడ్చింది. తులసి వచ్చి ఆ సూట్‌కేసులో కూర్చుని, "నన్ను కూడా పెట్టుకో నాన్నా," అంది. మంగరాజు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

అంతలో యేసురత్నం ఎగపోసుకుంటూ వచ్చాడు. "సురేంద్రగారి కారు చేలో పడిందండి. కోపంలో గట్టు మీద వెనక్కి తిప్పించేరండి. వెనక చక్రాలు రెండూ బురదలో దిగిపోయేయి. తోసినకొద్దీ దిగుతోందండి. ట్రాక్టర్లేమో ఊళ్ళో ఒక్కటీ లేవు, అన్నీ చేలు దున్నే దమ్ముకి పోయేయి."

వెనకే సురేంద్రగారు కూడా వచ్చారు, మోకాళ్ళదాకా బురదతో. పెద్ద ఆఫీసరు ఓడలరేవులో ఎదురుచూస్తున్నాడట. "మంగరాజుగారూ, ఒక్కసారి మీ జీపు..."

"జీపు ఉందండి. వించ్ కూడా ఉందండి. బోల్టులే లేవు," అన్నాడు మంగరాజు, ఉయ్యాలవైపు చూసి.

ఉయ్యాల మీద రాజేశ్వరమ్మగారు కూర్చుని ఉన్నారు. సురేంద్రగారు వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డారు.

"అమ్మా, ఆ బోల్టులు ఒక్క గంట ఇప్పిస్తారా?"

"ఇవి పనికిరావన్నారు కదండీ తమరు."

"అలా అనలేదండి."

"ఉయ్యాల బోల్టులన్నారు."

"కోపంలో అన్నానమ్మా. నేనే సుత్తితో కొట్టి చూశాను, గట్టివే. పోనీ డ్రైవర్ని పంపి కొత్తవి కొనిపిస్తాను."

"శనివారం కొన్న ఇనుము మా గుమ్మం తొక్కదండి."

సురేంద్రగారు గడియారం చూసుకున్నారు. ఆవిడ మెల్లగా ఒక ఊపు ఊగారు.

"ఇస్తానండి, ఇవ్వకేం. మోకాళ్ళ నొప్పులండి, ఊరికే లేవలేను. అల్లుడుగారి కాగితం సంగతి తేలితే ఆ సంతోషంలో లేవగలనేమోనండి."

"కారు బయటికొచ్చేక సంతకం పెడతానమ్మా."

"ఆయ్, అలాగేనండి. సంతకం పెట్టేకే లేస్తాను."

సురేంద్రగారు నిలబడే సంతకం పెట్టారు. కూర్చోమని ఈసారి ఎవరూ అనలేదు.

బోల్టులు మళ్ళీ జీపుకి వచ్చాయి. మంగరాజు జీపుని గట్టి నేల మీద నిలిపి, చక్రాలకి రాళ్ళు పెట్టి, తీగని కారు ముందు కొక్కేనికి తగిలించి, గోనె కప్పి లాగాడు. లాగినంతసేపూ సురేంద్రగారు కారువైపు చూడలేదు, బోల్టులవైపే చూశారు. కారు బురదలోంచి చప్పుడు చేసుకుంటూ గట్టెక్కింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, కాగితం మళ్ళీ అడిగి తీసుకుని, సంతకం కింద ఇంకో ముక్క రాశారు: "బిగింపు బాగున్నది. ఈ బోల్టులు ఎట్టి పరిస్థితిలోనూ మార్చరాదు."

ఆ సాయంత్రం సూట్‌కేసు తిరిగి అటక మీదికి చేరింది. ఉయ్యాల లేక అత్తగారు రాత్రంతా కుర్చీలో సణుగుతూనే ఉన్నారు. ఆదివారం తలుపులు తీస్తూండగానే మంగరాజు అమలాపురం షాపు ముందు నిలబడి, నాలుగు కొత్త బోల్టులు కొనుక్కొచ్చి ఉయ్యాలకి బిగించాడు.

రాజేశ్వరమ్మగారు వాటిని ఒక్కొక్కటే సుత్తితో కొట్టి చూసి, కూర్చుని, రెండు ఊపులు ఊగి, ప్రస్తుతానికి ఒప్పుకుంటున్నానన్నారు.