అత్వెల్లి దారిలో అడ్డంకి

మేడ్చల్ ప్రేక్షకుల సౌకర్యార్థం కేబుల్ టీవీలో స్థానిక ట్రాఫిక్ సమాచారం మొదలైంది. స్కూటరున్నవాళ్ళు దాన్ని పాటించేవారు. లేనివాళ్ళు ఇంకా శ్రద్ధగా చూసేవారు.

ఆ ఆదివారం పొద్దున వార్త ఇది: "అత్వెల్లి దారిలో అడ్డంకి. వాహనదారులు వేరే దారిన వెళ్ళగలరు."

అడ్డంకి బక్కయ్యది. ఎకరన్నర ఉలవచేను కోసి, కట్టెనంతా ఏటా పరిచినట్టే రోడ్డు మీద పరిచాడు. బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. ప్రభుత్వం రోడ్డు వేసింది అందుకేనని అతని నమ్మకం. కానీ ఆ రోజు సైకిలైనా రాలేదు. పైన చూస్తే మబ్బు.

పెద్దమ్మ అతని భార్య. ఆమెను వెంటబెట్టుకుని కేబుల్ ఆఫీసుకు పోయాడు.

"సారూ, బండ్లు తిరగకుంటే గింజ రాలది. మొగులైంది. వాన పడ్డదంటే అన్నీ మొలకలే. రోడ్డు సాఫుందని జర చెప్పున్రి."

యజమాని ఫణిభూషణ్ కుర్చీలోంచి లేచాడు. కెమెరా లేకపోయినా గొంతు సవరించుకున్నాడు.

"చూడు పెద్దాయనా, ప్రసారమైన సమాచారం ప్రసారమైనట్టే. ప్రజల భద్రత విషయంలో మా సంస్థ వెనకడుగు వెయ్యదు."

పెద్దమ్మ ముందుకొచ్చింది.

"వెయ్యకున్రి సారూ. దారి బందైందనే చెప్పున్రి. ఎందుకు బందైందో మాత్రం చెప్పకున్రి."

కారణం కనుక్కునే శ్రమ తప్పినందుకు సంస్థ సంతోషించింది. పదకొండింటికి ప్రత్యేక ప్రసారం: "అత్వెల్లి దారి పూర్తిగా మూతపడింది. కారణాలు తెలియరాలేదు. దయచేసి ఎవరూ అటు వెళ్ళవద్దు."

పదకొండుంబావుకు మొదటి స్కూటర్ వచ్చింది. తర్వాత మారుతీలు, ఆటోలు, కాలనీ సంఘం వారి టెంపో. బ్యాంకు ఉద్యోగి జోగారావు, భార్య కామేశ్వరి పులిహోర కట్టుకుని మరీ వచ్చారు. ఏమీ కనబడనివాళ్ళు తమ చూపులోనే లోపముందనుకుని, బండి తిప్పుకుని మళ్ళీ వచ్చారు. బక్కయ్య పంగలకర్రతో కట్టె తిరగేస్తూ పోయాడు. ఒంటిగంటకు బండ్లు కిక్కిరిసి దారి నిజంగానే మూతపడింది. తమ సమాచారం అక్షరాలా నిజమైందని కేబుల్ టీవీ సగర్వంగా ప్రకటించింది.

మూడింటికి పెద్దమ్మ గింజలు తూర్పారబట్టింది. చివరి సంచి మూతి కట్టేసరికి మొదటి చినుకు పడింది.

నాలుగో చుట్టు తిరిగిన జోగారావు కారాపి, అద్దం దించాడు.

"ఏమయ్యా, పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నావుగా. ఇక్కడేం జరిగింది?"

బక్కయ్య సంచి భుజానికెత్తుకున్నాడు.

"నాకేమెరుక సారూ? మా ఇంట్ల టీవీ లేదు."

జోగారావు పాపం అన్నట్టు చూసి, అద్దం ఎత్తుకున్నాడు.