ఎర్ర రిబ్బను, నీలి రిబ్బను

ఆ శనివారం ఉదయానికి ఎపిఫానియో వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి మోరేలియా నుంచి గిటార్ విద్వాంసుడు లిసాండ్రో మాస్టారు వస్తారు. రెండు గిటార్లూ వాయించి చూస్తారు. ఎపిఫానియో చేసినదే మేలంటారు. తర్వాత అందరూ కలిసి మొక్కజొన్న కుడుముల్లాంటి వేడివేడి కొరుందాలు తింటారు. ముప్ఫై ఏళ్లుగా పరాచో ఊళ్లో గిటార్లు చేస్తున్న మనిషికి ఆ మాత్రం ఆశ ఉండటం తప్పు కాదు.

రెండో గిటార్ కూతురు యునుయెన్ చేసింది. ఒకే దేవదారు దుంగలోంచి కోసిన పైపలకలు, ఒకే అచ్చు, ఒకే లక్క మెరుగు. కవలల్లా ఉన్నాయని తండ్రిదానికి ఎర్ర రిబ్బను, కూతురిదానికి నీలి రిబ్బను కట్టారు. ఎనిమిదేళ్లుగా ఆమె చేసిన ప్రతి గిటార్‌లోనూ తండ్రి పేరు చీటీయే అంటిస్తున్నారు. "మాస్టారు నీదాన్ని ఎంచుకుంటే నీ పేరు వేసుకో" అని ఒకరోజు ఎపిఫానియో నోరు జారాడు. ఆమె ఆ పూటే చీటీలు అచ్చు వేయించుకొచ్చింది. పైపలక ఎంత పలచగా చిత్రిక పట్టాలని అడిగితే మాత్రం ఆయన ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: "అది చేతికి తెలియాలి గానీ నోటితో చెప్పేదా?"

తెల్లవారగానే ఆయన రెండింటినీ ఒకసారి మీటి చూశాడు. నీలిదాని నాదం ఇంకాస్త సేపు నిలిచింది. అంటే కూతురిదే మేలు. కళ్లద్దాలు వెతికే ఓపిక లేక, మసక వెలుతురులోనే రిబ్బన్లు విప్పి తారుమారు చేసేశాడు. తర్వాత వంటింట్లో అతోలే జావ తాగుతుంటే, కూతురు తన చీటీల కట్టను పైటగుడ్డతో తుడుచుకోవడం కంటపడింది. సిగ్గేసి గ్లాసు పక్కన పెట్టేశాడు. వెళ్లి మళ్లీ మార్చేశాడు. మనసు తేలికపడింది.

మాస్టారు వచ్చారు. కళ్లు మూసుకుని గంటసేపు ఇది, అది, మళ్లీ ఇది వాయించారు. చివరికి ఎర్ర రిబ్బను గిటార్ ఎత్తి పట్టుకున్నారు.

"ఇదీ గిటారంటే!"

ఎపిఫానియో నేల మీద నిలవలేదు. "నే చెప్పలా! ఆ నీలిదాని మంద్రం వినండి మాస్టారూ, జలుబు చేసిన గొంతులా లేదూ? పైపలక మందం. లోపలి బద్దలు మొద్దు. చేసినవాళ్లకి ఓపిక చాల్లేదు!"

భార్య హెర్మెలిందా నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నా చేతులు పడిపోనూ! మీదే నెగ్గుతుందనుకుని, ఆ పేరు పిల్లకి రావాలని రిబ్బన్లు నేనే మార్చానండీ. ఇప్పుడు గెలిచింది పిల్లదే!"

"నువ్వూ మార్చావా అమ్మా?" యునుయెన్ మొహం పాలిపోయింది. "నేనూ మార్చాను. మాస్టారి ముందు నాన్న ఓడిపోతే చూడలేననీ..."

మాస్టారు గిటార్ ఒళ్లో పెట్టుకున్నారు. "నేను వాయించడానికి వచ్చానా, పంచాయితీకి వచ్చానా?"

ఎపిఫానియో వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. భార్య ఒకసారి, కూతురు ఒకసారి, తాను రెండుసార్లు. వెరసి ఎక్కడివి అక్కడే, ఎర్రది తనదే. నోరు మూసుకుంటే చాలు, గెలిచినట్టే. కానీ కూతురు అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. తాను ఆమెను ఓడించాలని మార్చాడు, ఆమె తనను కాపాడాలని మార్చింది.

"నేనూ మార్చానే తల్లీ" అన్నాడు తలవంచుకుని. "రెండుసార్లు. మొదటిసారి కళ్లద్దాలు లేవు. నిజంగా మార్చానో, విప్పినదానికే మళ్లీ కట్టానో ఆ దేవుడికే తెలియాలి."

ఇక దిక్కు ఒక్కటే. వెనకపలక అంటించి మూసేముందు పైపలక లోపలివైపు పెన్సిలుతో పేరు రాయడం ఆ పనివాళ్ల ఆచారం. హెర్మెలిందా పళ్ల డాక్టరు వాడే బుల్లి అద్దం తెచ్చింది. ఎపిఫానియో ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని, ఎర్ర రిబ్బను గిటార్‌లోకి తొంగిచూశాడు. రంధ్రంలో అద్దం అటూ ఇటూ తిప్పాడు.

"యునుయెన్" అని చదివాడు.

"ఆ నీలిదాని గురించి మీరన్నవన్నీ అక్షరాలా నిజం" అన్నారు మాస్టారు, ఎంతో మర్యాదగా.

హెర్మెలిందా నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఎపిఫానియో జిగురు డబ్బా తెప్పించి, కూతురి చీటీ తన చేత్తోనే అంటించాడు. చీటీ కాస్త వంకరగా పడింది. అలాగే ఉండనీ అంది యునుయెన్, కళ్లు తుడుచుకుంటూ.

ఆయన దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "ఇంతకీ, పైపలక ఎంత పలచగా తీశావే?"

"అది చేతికి తెలియాలి గానీ నోటితో చెప్పేదా నాన్నా?"

ఉదయం వేసుకున్న పథకంలో అనుకున్నట్టు జరిగింది కొరుందాలు తినడం ఒక్కటే.