ఇటలీలో వంటా వార్పు

భిక్షపతి సమ్మె చేశాడు. ఎక్కడో కాదు, ఇటలీలో, సొంత వంటింట్లో, కట్టుకున్న పెళ్లాం మీద!

అసలు సంగతేమిటంటే, అతని భార్య శిల్పకు గోడల మీద బొమ్మలు వేసే చదువుకు అక్కడ సీటొచ్చింది. కొండ మీద, కోటగోడల మధ్య, రాజుల కాలం నాటి ఊరు. సందులు ఎంత ఇరుకంటే గొడుగు తెరిస్తే రెండు వైపులా గోడలు గీసుకుపోతాయి. భిక్షపతి కూడా వెంట బయల్దేరాడు. భూపాలపల్లిలో చుట్టాలందరి ముందూ ఛాతీ విరిచి, "చదువు ఆమెది, వంట నాది" అని మాటిచ్చాడు. మనిషికి రోజూ ఆకలేస్తుందన్న సంగతి అప్పుడతనికి గుర్తురాలేదు.

శిల్ప పొద్దున పోతే సాయంత్రమే రావడం. గోడకు పూసిన తడి సున్నం ఆరేలోపు బొమ్మ అయిపోవాలట, ఆరితే రంగు పట్టదట. రాతిమెట్లెక్కి కూరగాయలు మోయడం, గిన్నెలు తోమడం పాపం భిక్షపతి వంతు.

సరిగ్గా అప్పుడే తెలంగాణలో ప్రత్యేక రాష్ట్రం కోసం జేఏసీ పిలుపుతో సకల జనుల సమ్మె మొదలైంది. అతని తండ్రి ఎల్లేశం బొగ్గుబాయి పని మానేసి టెంటు కింద కూర్చున్నాడు. ఫోన్ చేశాడు.

"మేమందరం సమ్మెల ఉన్నం బిడ్డా. నువ్వాడ ఏం జేస్తున్నవ్‌రా?"

వంకాయలు కోస్తున్నానని చెప్పడానికి భిక్షపతికి నోరు రాలేదు.

"నేను గూడ సమ్మెలనే ఉన్న బాపూ! జేఏసీ ఏం జెప్తే గది జేస్త!"

"శభాష్ బిడ్డా! టెంటుల అందరికి జెప్త."

ఫోన్ పెట్టగానే భిక్షపతి బుర్ర వెలిగింది. కత్తిపీట పక్కన పడేసి, పొయ్యి ముందు దుప్పటి పరిచి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

శిల్ప మోచేతుల దాకా సున్నంతో ఇంటికొచ్చింది.

"అన్నమేదయ్యా?"

"సమ్మె."

"ఏం సమ్మె?"

"సకల జనుల సమ్మె. నేను జనంల లేనా?"

"ఆకలికి కండ్లు తిరుగుతున్నయ్ నాకు!"

"ఉద్యమం ముందట ఆకలెంత? జర త్యాగం జెయ్యాలె."

"మరి నీకు ఆకలి గాదా?"

"నువ్వు వండితే తింట. నేనేమన్న నిరాహార దీక్షల ఉన్ననా?"

శిల్ప అతన్ని ఎగాదిగా చూసింది. ఒక రొట్టెముక్క కొరికి, మామకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"మామా, నీ కొడుకు సమ్మెల గట్టిగ కూసున్నడు. రేపాడ ఏం కార్యక్రమం?"

"వంటా వార్పు బిడ్డా! రోడ్డు మీద పొయ్యి వెట్టి, వండి, వచ్చినోళ్లందరికి పెడ్తం. జేఏసీ ఏం జెప్తే గది జేస్తనన్నడు, మావోడు గూడ జేస్తడా?"

"ఎందుకు జెయ్యడు మామా? ఫోటో గూడ పంపిస్తం."

భిక్షపతి దుప్పటి మీంచి దిగ్గున లేచాడు.

"గదేందే! సమ్మెంటే పని బందువెట్టుడు గదా?"

"జేఏసీ ఏం జెప్తే గది జేస్తనన్నవంట. వద్దంటే ఫోన్ జేసి నువ్వే జెప్పు. టెంటుల అందరు ఇంటరు."

టెంటులో తండ్రి తల దించుకోవడం ఊహించుకోగానే భిక్షపతి దుప్పటి మడతపెట్టాడు.

మర్నాడు ఆదివారం. ఇంటి ఓనరమ్మ సిల్వానా పెద్ద గిన్నె, గ్యాసు పొయ్యి ఇచ్చింది. చర్చి ముందు మైదానంలో భిక్షపతి ఉల్లిగడ్డలు కోస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే, దేశం మీద బెంగేమోనని ఆవిడ అతన్ని వాటేసుకుని తనూ ఏడ్చింది. బగారా అన్నం వాసనకు శిల్ప క్లాసువాళ్లు, చర్చికొచ్చినవాళ్లు అందరూ మూగారు. ఎవరి అనుమతితో పొయ్యి పెట్టారని అడగడానికొచ్చిన పోలీసు రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

ఫోటో భూపాలపల్లి చేరింది. వెంటనే ఎల్లేశం ఫోన్.

"నిన్ను జూస్తె కడుపు నిండిందిరా బిడ్డా..." అన్నాడు. ఈసారి భిక్షపతి చేతిలో ఉల్లిగడ్డ లేదు. అయినా కళ్లు నిండాయి. శిల్ప చున్నీ కొంగుతో అతని మొహం తుడిచింది. అంత పరేషాన్‌లోనూ అతనికి పెళ్లాం మీద ప్రేమ పొంగింది.

అంతలో ఆమె జనం వైపు తిరిగి ఇటాలియన్‌లో ఏదో అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏమన్నవే?"

"మళ్ల ఎప్పుడు వండుతరని అడుగుతున్నరయ్యా. తెలంగాణ వచ్చేదాంక ప్రతి ఐతారం అని జెప్పిన."

తెలంగాణ తొందరగా రావాలని ఆ రోజు నుంచి భిక్షపతి మొక్కినంత గట్టిగా టెంటులో కూర్చున్నవాళ్లు కూడా మొక్కి ఉండరు.