బోణీ ధర, ఊరి ధర

ఆ ఉదయం ఖాయ్ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. తెల్లవారుతుండగా, దక్షిణాన సముద్రం ఒడ్డునున్న తుయ్ హోవా ఊరి బజారుకి వెళ్ళాలి, ఏ సరుకు ఎంత పలుకుతోందో కనుక్కోవాలి, ఏమీ కొనకూడదు, గదికి తిరిగొచ్చి హనోయ్‌లో ఉన్న భార్య లువాకి ఫోన్ చేసి చెప్పాలి. బస్సుల కంపెనీ స్టోరులో సామాను ధరలు చూస్తూ జుట్టు నెరిసిపోయిన మనిషికి ఇది పెద్ద పనేమీ కాదు. కంపెనీ మూతపడి, చేతిలో కొంత డబ్బు పెట్టి పంపేశాక ఆయనకు మిగిలిన విద్య కూడా అదొక్కటే.

ఆ డబ్బు మీద ఆశంతా లువాది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె ఇంకొకరి దుకాణంలో, ఇంకొకరి మిషను మీద, ఇంకొకరి పేరుతో బట్టలు కుడుతోంది. తన పేరు రాసిన బోర్డు ఒకటి వీధిలోకి కనిపించాలని ఆమె కోరిక. హనోయ్‌లో దుకాణాల అద్దెలు అడిగి చూస్తే చేతిలో ఉన్నది నాలుగు నెలలకు కూడా చాలదని తేలింది. చవకైన ఊరికి పోతే ఏడాది నెట్టుకురావచ్చు. ఆ ఏడాదిలో దుకాణం నిలబడితే సరి, లేకపోతే మళ్ళీ ఇంకొకరి మిషనే. అందుకే ఆయన రైలెక్కే ముందు ఆమె ఒక్క మాట చెప్పింది.

"ధరలొక్కటే చూసుకుని రాకండి. అక్కడి వాళ్ళ చేతుల్లో డబ్బాడుతోందా, ఆడితే దేనికి ఖర్చు పెడుతున్నారు, అదీ చూడండి. అన్నీ చవకగా దొరికే ఊళ్ళో నా కుట్టుకూలీ కూడా చవకే అవుతుంది."

"అన్నీ చూస్తాలే," అన్నాడు ఖాయ్. మొగుళ్ళు ఈ మాట ఏ స్వరంతో అంటారో తెలిసిన లువా ఆయన సంచీ సర్దిపెట్టింది.

బోణీ కాని దుకాణం ముందు నిలబడి, ధర అడిగి, కొనకుండా వెళ్ళిపోవడం ఎంత ఘోరమో ఖాయ్‌కి తెలియక కాదు. హనోయ్‌లో అలా చేసినవాణ్ణి వీధి మలుపు తిరిగేదాకా తిడతారు. అందుకని ప్రతి దుకాణానికీ కాస్త ఎడంగా, ఏదో మరిచిపోయి గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా నిలబడి, ఎవరో ఒకరు బోణీ చేశాకే దగ్గరికి వెళ్ళాడు. చేపలమ్మే తామ్ దగ్గర ఒక అమ్మాయి కానాగంతల సంచీ పట్టుకుని వెళ్ళిపోవడం చూసి, ఇక్కడా అయిపోయిందనుకుని ముందుకొచ్చాడు. ఆ అమ్మాయి తామ్ కోడలు. ఇంట్లో కూరకి పట్టుకెళ్తోంది.

"కానాగంతలు కిలో ఎంత?"

"ఎనభై వేల డాంగ్‌లు. ఎన్ని కిలోలెయ్యమంటావ్, అన్నా?"

"అబ్బే, ఊరికే అడిగాను."

తామ్ చేతిలో కత్తి ఆగిపోయింది. "ఊరికేనా! ఇంకా బోణీ కాలేదు. పొద్దున్నే నా గంప ముందుకొచ్చి ఊరికే అంటావా? ఏ ఊరు నీది?" అంటూ చిత్తు కాగితం కోసం వెనక్కి చెయ్యి చాచింది. ఆ కాగితం ముట్టించి గంప చుట్టూ తిప్పిందంటే, పీడ వదిలించుకోవడానికి అలా చేసిందని బజారంతటికీ తెలిసిపోతుంది. ఖాయ్ గబుక్కున జేబులో చెయ్యి పెట్టాడు.

"ఒకటివ్వు. ఒక్క చేప!"

కిలోల లెక్కన అమ్మే చోట ఒక్క చేప అడిగిన మగవాణ్ణి చూడడానికి పక్కన కోళ్ళమ్మే ఆవిడ కూడా లేచి నిలబడింది. తామ్ విసుక్కుంటూనే ఒక చిన్న కానాగంతను సంచీలో పడేసింది. ఖాయ్ బతుకుజీవుడా అని బయటపడ్డాడు.

ఆయన అటు వెళ్ళాడో లేదో, పెళ్ళి వంటలు చేసే ఒకాయన వ్యాన్‌లో వచ్చి తామ్ దగ్గరున్న చేపలన్నీ బేరమైనా ఆడకుండా పట్టుకుపోయాడు. మిగతా వాళ్ళు ఈగలు తోలుకుంటూ ఉండగానే తామ్ గంప కడిగేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. తామ్‌కి ఎన్నేళ్ళుగానో జరగని వింత అది. ఆ రోజు కొత్తగా జరిగిందేమిటని అందరూ ఆలోచిస్తే, ఉత్తరాది నుంచి వచ్చిన ఒక సన్నపాటి మనిషి ఒక్క చేప కొనడం తప్ప ఇంకేమీ తట్టలేదు.

మర్నాడు ఖాయ్ బజారు గుమ్మంలో కాలు పెట్టగానే తామ్ ఎదురొచ్చింది. "రండన్నా, రండి! మీ హస్తవాసి బంగారం. ముందు నా దగ్గర బోణీ చెయ్యండి."

"ధర?"

"మీ నోటితో మీరే చెప్పండి. ఎంతిస్తే అంత."

నిన్న పరాయివాడినని ఎనభై వేలు చెప్పిందని, ఇప్పుడు అసలు ధర బయటికొస్తోందని ఖాయ్‌కి అర్థమైంది. ఆయనకు విషయాలు ఇలాగే అర్థమవుతాయి. పరీక్షగా "ఇరవై వేలు" అన్నాడు. తామ్ కిలో చేపలు సంచీలో వేసి, ఆయనిచ్చిన నోటుతో గంపలోని చేపలన్నిటినీ ఒకసారి తాకించి, జేబులో పెట్టుకుంది. ఇంతలో కోళ్ళావిడ ఒక చెయ్యి పట్టుకుంది, కూరలావిడ రెండో చెయ్యి పట్టుకుంది. బాన్ కాన్ అనే నూడుల్స్ చారు అమ్మే ముసలామె ఉల్లికాడలు దండిగా వేసిన గిన్నె తెచ్చి, ఆయన నోటికే అందించబోయింది.

గదికి రాగానే ఫోన్ చేశాడు. "లువా, ఇది ఊరు కాదు, స్వర్గం. మన దగ్గర కూరాకు కట్టకి పెట్టే డబ్బుకి ఇక్కడ కోడిని ఇస్తున్నారు."

"చచ్చిన కోడా?"

"నా చెయ్యి పొడిచింది!"

"పక్కన కొనేవాళ్ళు కూడా అంతే ఇస్తున్నారా?"

"వాళ్ళ బేరం నాకెందుకు? మొగమాటం ఉండదా?"

"తొందరపడకండి. నేను కూడా వచ్చి చూశాక ఒక మాట అనుకుందాం," అంది లువా.

కాని హస్తవాసి సంగతి అప్పటికే బోన్ బాబాయి అనే పెద్దమనిషి చెవిన పడింది. బజారు పక్క వరసలో ఆయనకొక ఖాళీ దుకాణం ఉంది. అందులోకి వచ్చినవాళ్ళు వచ్చినట్టే దివాలా తీసి పోవడంతో అదెవరికీ అచ్చిరాదని పేరు పడింది. అటువంటి దానిలో ఖాయ్ కాపురం పెడితే దోషం పోతుందని ఆయన లెక్క. "సగం అద్దెకిస్తాను నాయనా. కాకపోతే ఏడాదిది ముందే కట్టు. రేపటిదాకా అంటే కష్టం, ఇంకొకాయన అడుగుతున్నాడు," అన్నాడు. ఇంకొకాయన ఎవరూ లేడు. ఖాయ్ ఆ సాయంత్రమే ఉన్న డబ్బులో మూడొంతులు పంపించేసి, ఆ తరవాత భార్యకి శుభవార్త చెప్పాడు. లువా తిట్టలేదు. ఇంటివాళ్ళకి ఖాళీ చేస్తున్నామని చెప్పి, మిషన్లు లారీకెక్కించింది.

సంసారం దిగిన మర్నాటి నుంచి కొత్త కష్టం మొదలైంది. స్వర్గంలో కూడా అందరి దగ్గరా కొనాల్సి వస్తే ఖర్చే కదా. తామ్ దగ్గర బోణీ చేస్తే కోళ్ళావిడకి కోపం, ఇద్దరి దగ్గరా చేస్తే కూరలావిడకి కోపం. ఖాయ్ రోజూ చీకటితో లేచి, బజారు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా బోణీలు చేసుకుంటూ, రెండు చేతులా సంచులతో ఇంటికొచ్చేవాడు. దుకాణంలో గుడ్డలుండాల్సిన అరల్లో గుమ్మడికాయలున్నాయి. మిషను కింద కోళ్ళు తిరుగుతున్నాయి. కుట్టించుకోవడానికి మాత్రం ఒక్కరూ రాలేదు.

"హనోయ్‌లో ఇద్దరి తిండికి పెట్టినదానికి ఇది రెట్టింపు," అంది లువా నాలుగో రోజు.

"కాని ఎంత చవకో చూడు!"

"చవకే. ఇన్ని కొనక్కర్లేకపోతే ఇంకా చవక."

ఆ మాట ఖాయ్‌కి తగలాల్సిన చోట తగిలింది. మర్నాడు తామ్ దగ్గర కిలో చేపలు చేతిలోకి తీసుకున్నాడు గాని, కొనాలా వద్దా తేల్చుకోలేక డబ్బివ్వకుండా నిలబడ్డాడు. వెనకాల నుంచి ఒకావిడ చెయ్యి చాచి తనకూ కిలో ఇమ్మని ఎనభై వేలు తీసింది.

"ఆవిడ దగ్గర ఎనభై ఏమిటి? నా దగ్గర ఇరవయ్యే కదా?" అన్నాడు ఖాయ్.

"మీది బోణీ ధర అన్నా. అది ఊరి ధర."

"ఊరంతా ఎనభైయేనా?"

"మరి? ఇరవైకి అమ్మితే మా పిల్లలేం తింటారు?"

హనోయ్‌లో అదే చేప తొంభై. ఇల్లూ వాకిలీ, భార్య ఆశ, చేతిలో డబ్బు అంతా ఆ పది వేల తేడా కోసం ఇక్కడికి మోసుకొచ్చానని ఖాయ్‌కి ఒక్కసారిగా తెలిసింది. ఏం చేస్తున్నాడో తెలియకుండానే చేతిలో ఉన్న చేపల్ని తిరిగి గంపలో పెట్టేశాడు.

బజారంతా ఇటు తిరిగింది. అడిగి కొనకపోవడం తప్పు. బోణీ సరుకు చేతిలోకి తీసుకుని మళ్ళీ గంపలో పెట్టడాన్ని ఏమంటారో కూడా ఎవరికీ తెలియదు, ఎందుకంటే అంతవరకూ ఎవరూ చెయ్యలేదు. ఆ మధ్యాహ్నమే ఈదురుగాలి మొదలైంది. వరసగా నాలుగు రోజులు పడవలు సముద్రంలోకి వెళ్ళలేదు. అయిదో రోజు ఖాయ్ బజారుకి వస్తే, ఆయన అడుగులు పడిన ప్రతి దుకాణం ముందూ కాగితాలు మండాయి. పొగలో దగ్గుకుంటూ ఖాళీ చేతులతో ఇంటికొచ్చాడు.

లువాకి అంతా చెప్పాడు. బోణీ ధర సంగతి, ఊరి ధర సంగతి, పొగ సంగతి. ఆమె గుమ్మడికాయ పక్కకి జరిపి మిషను పెట్టె మీద కూర్చుంది. ఆయన ఇలాంటివాడని తెలిసే పెళ్ళి చేసుకుంది. అయినా ఏడుపు ఆగలేదు. "నా బోర్డు మీద అక్షరాలు ఏ రంగులో ఉండాలో కూడా అనుకున్నానండీ," అంది. ఖాయ్‌కి ఆ క్షణంలో భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

ఆ సాయంత్రం బోన్ బాబాయి గొడుగేసుకుని వచ్చాడు. లోపలికి రాలేదు. వానలోనే నిలబడి, "అమ్మాయ్, ఏమీ అనుకోకు. మీ ఆయన పాదం మంచిది కాదని మిగతా అద్దెవాళ్ళు కూడా పోతామంటున్నారు. కట్టిన అద్దె పైసాతో సహా తిరిగిస్తా. ఈ ఆదివారంలోగా మీ ఊరు వెళ్ళిపోండి," అన్నాడు.

పోయిందనుకున్న డబ్బు నడిచి గుమ్మంలోకి వచ్చింది. లువా కళ్ళు తుడుచుకుని సరేనంది. మిషన్లకి తాళ్ళు కట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం వెనక తలుపు ఎవరో గోకారు. తామ్. ముందు అటూ ఇటూ చూసి, "ఆయనున్నాడా?" అని గుసగుసగా అడిగింది.

"నిద్రపోతున్నారక్కా."

"మంచిది. కాస్త ఈ జేబు కుట్టిపెట్టు. బజారు దర్జీ చేపవాసన గుడ్డ ముట్టుకోడు."

బజారు ఆడవాళ్ళందరూ వేసుకునే పువ్వుల చొక్కా, పువ్వుల పాంటు జతే తామ్ ఒంటి మీదా ఉంది. పాంటు జేబుకి రెండు పిన్నీసులు. వాటిని తీస్తే లోపల ప్లాస్టిక్ కవరు, కవర్లో లువా పిడికిట పట్టనంత నోట్ల చుట్ట, సగం తడిసి ఉంది.

"ఇంత డబ్బు పిన్నీసుల మీద పెట్టుకు తిరుగుతున్నారా?"

"ఏం చేస్తాం? కొన్న జతలకి ఇంతంత జేబులే ఉంటాయి. మా అందరికీ ఇదే బాధ. ఏడాదికి నాలుగు జతలు చింపుకుంటాం."

లువా మిషనుకి కట్టిన తాళ్ళు విప్పింది. పాత రెయిన్‌కోటు ఒకటి కత్తిరించి లోపలి గుడ్డగా వేసి, మోచేతిదాకా లోతున్న జేబు కుట్టి, పైన జిప్పు పెట్టింది. తామ్ అందులో నోట్లు పెట్టుకుని, చెంబుడు నీళ్ళు జేబు మీద గుమ్మరించుకుని, చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉన్నాయి. తామ్ మొహం చూసి లువాకి నవ్వొచ్చింది. తుయ్ హోవా వచ్చాక అదే మొదటి నవ్వు.

ఆదివారం బోన్ బాబాయి డబ్బు సంచీతో వచ్చేసరికి వెనక వాకిట్లో కోళ్ళావిడ, కూరలావిడ, బాన్ కాన్ ముసలామె, ఇంకా వాళ్ళ వెనక సగం బజారు గుడ్డలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నారు. "మేం ఎక్కడికీ వెళ్ళం బాబాయిగారూ. ఈ ఊళ్ళో నాకు పనుంది," అంది లువా. ఆయన ఆ వరసని చూసి, తన దుకాణానికి దోషం పోయిందో, ఇంకోటేదైనా పట్టిందో తేల్చుకోలేక, సంచీ పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

అందరి తరఫునా తామ్ మాట్లాడింది. "మనిషికి నాలుగేసి జతలు నీ దగ్గరే కుట్టించుకుంటాం చెల్లీ. ఒకే ఒక్క షరతు. మాకు బోణీలయ్యేదాకా మీ ఆయన ఇంట్లోంచి బయటికి రాకూడదు."

లోపల ఖాయ్ గురక వినిపిస్తూనే ఉంది.

"అలాగైతే జతకి పది వేలు ఎక్కువవుతుందక్కా. ఆయన్ని అంతసేపు పడుకోబెట్టడం తేలిక కాదు."

బేరం అయిదు వేల దగ్గర తెగింది. పొద్దున్నే లేచే అలవాటు మానుకోవడానికి ఖాయ్ కొన్నాళ్ళు చాలా బాధపడ్డాడు గాని, ఇప్పుడు రేటు కుదిరితే మధ్యాహ్నం కూడా పడుకుంటానంటున్నాడు.