పాత కంప్యూటరుకు పునర్నియామకం

ప్రభుత్వోద్యోగి రిటైరవుతాడు కానీ, ప్రభుత్వం అతనిలోంచి రిటైరు కాదు. ఉరవకొండలో మా పక్కింటి ఈశ్వరప్పగారే ఇందుకు సాక్ష్యం. ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి ఇంటికొచ్చారు. ఆఫీసు కూడా ఆయన వెంటే వచ్చేసింది.

2007లో ఆ ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. లైను ఒకటి, కంప్యూటర్లు రెండు, కొడుకు సందీప్‌దీ, కూతురు ఇంద్రాణిదీ. రోజూ కొట్లాటే. చివరికి సందీప్ అటక మీది పాత కంప్యూటరును దించి, రెండు నెట్‌వర్క్ కార్డులు తొడిగి రౌటరుగా మార్చాడు. లైను దానిలోకి వస్తుంది, అది ఇద్దరికీ పంచుతుంది.

ఈశ్వరప్పగారు దీన్ని పునర్నియామకంగా పరిగణించారు. కొత్త ఉద్యోగంలో చూడాల్సింది ఏమీ లేదు కనుక మానిటరు తీసేశారు. ఎవరి మాటా వినక్కర్లేదు కనుక కీబోర్డు తీసేశారు. పై నుంచి వచ్చింది కిందికి, కింది నుంచి వచ్చింది పైకి పంపడమే విధి. (తన సర్వీసంతా అదే చేసిన మనిషి కనుక ఆయనకు దాని మీద వెంటనే గౌరవం కలిగింది.) చక్రాల స్టాండు, పూలగుడ్డ మంజూరయ్యాయి.

అంతా సజావుగా సాగుతుండగా ఆయుధపూజ వచ్చింది. పొద్దున్నే ఆ రౌటరు పెట్టెను ఆపి, గంధం, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. పూజలో పెట్టిన సామాను మర్నాటి దాకా ముట్టకూడదు.

బ్యాంకు ఉద్యోగానికి ఇంద్రాణి దరఖాస్తు పంపడానికి ఆ సాయంత్రమే గడువు. రెండేళ్లుగా ఆ పిల్ల చదివిందంతా దానికోసమే. సందీప్ ఊళ్లో లేడు, ఫోనెత్తడు. లైను నేరుగా తన కంప్యూటరుకు తగిలిద్దామంటే, నెట్ పాస్‌వర్డు ఆ పెట్టెకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. హుస్సేన్ బాషా నెట్ సెంటరూ మూసే ఉంది. (అక్కడి కంప్యూటర్లకూ బొట్లు పెట్టారు.)

"నాయనా, పెట్టె ఆన్ చేస్తా," అని తండ్రినడిగింది.

"ఏమ్మా, దానికీ ఈ పొద్దు సెలవే. రేపు చూద్దాం."

"రేపటికి ఉద్యోగం యాడ ఉంటాది నాయనా?"

ప్రసాదానికి వెళ్లిన నేను పిల్ల కళ్లలో నీళ్లు చూశాను. ఈశ్వరప్పగారూ చూశారు. కానీ నిబంధన నిబంధనే.

వంటింట్లోంచి ఆయన భార్య లక్ష్మక్క వచ్చింది. "బస్సులకు పూజ చేసినంక నిమ్మకాయలు తొక్కిచ్చి నడపడంల్యా? వాటికి లేని సెలవు దీనికి యాడిది?"

"బస్సుకు చక్రాలుండాయి."

"దీనికీ ఉండాయి కదప్పా."

ఈశ్వరప్పగారు స్టాండు కిందికి వంగి, చక్రాలను స్వయంగా తనిఖీ చేసి, పెట్టెను తక్షణం వాహనాల కేటగిరీలోకి మార్చారు. చక్రానికొక నిమ్మకాయ పెట్టాం. ముందుకు నడపడానికి వైరు చాలలేదు కనుక వెనక్కి నడిపాం. దరఖాస్తు వెళ్లింది. ఆ సంతోషంలో ఈశ్వరప్పగారు పెట్టెకు టెంకాయ కొట్టబోతుంటే నేనే చెయ్యి పట్టుకున్నాను.

ఇంద్రాణికి ఉద్యోగం వచ్చింది, హెడ్డాఫీసులో. పని ఏమిటమ్మా అని అడిగాను. పై నుంచి వచ్చింది కిందికి, కింది నుంచి వచ్చింది పైకి పంపడమట. దానికి ముగ్గురు మనుషులు, ఒక ఏసీ ఉన్నారు.

మా పక్కింట్లో అదే పని ఒక్కడే చేస్తున్న పూలగుడ్డ పెద్దాయన మాత్రం ఇంకా టెంపరరీయే.