నల్ల రబ్బరు పెన్ను అదృశ్యం

“ప్రపంచంలో నేరాలు రెండే రకాలు, వెంకటరమణా. నేను ఛేదించినవి, నా దాకా రానివి” అన్నాడు గురుమూర్తి, బ్రూక్‌ఫీల్డ్‌లోని మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో.

మొదటి రకంలో అప్పటికి ఒక్కటీ లేదు. వారమంతా సాఫ్ట్‌వేర్ పరీక్షించి, శని ఆదివారాలు డిటెక్టివ్‌గా ఉంటాడు. పక్క ఫ్లాటులో ఉండటం నా ఖర్మ.

ఆ ఆదివారం కేసు మూడో అంతస్తు వరూధిని గారిది. వాళ్ళ నాన్న నలభై ఏళ్ళు రాసిన ఫౌంటెన్ పెన్ను, గట్టి రబ్బరుది, నిగనిగలాడే నలుపు. లోపల ఇంకు ఎండిపోయిందని శుక్రవారం వేన్నీళ్ళ గ్లాసులో నానబెట్టి, బాల్కనీ ఎండలో పెట్టి మరిచిపోయారు. తీరా చూస్తే గ్లాసులో ఉన్నది బురద రంగు పెన్ను.

“ఎవరో మార్చేశారండీ! దాని మీద నాన్న పేరు చెక్కి ఉండేది, అదీ కనబడటం లేదు. ఇంట్లోకి వచ్చేది సొన్నమ్మ ఒక్కతే. ఆరేళ్ళుగా ట్రస్ట్ చేశాను. సాయంత్రంలోగా పెన్ను దొరక్కపోతే రేపట్నుంచి పనికి రావొద్దని చెప్పేశా.”

సొన్నమ్మ తడిగుడ్డ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. “ఆ గలాసు నేను ముట్టనే లేదప్పా” అంది. ఆమె ముఖం నేను చూడలేకపోయాను.

“పెన్నులు బాగుచేసే మహబూబ్ బాషా నంబరు నా దగ్గరుంది. ఒకసారి అడుగుదాం” అన్నాను.

“నిపుణులు వస్తే దర్యాప్తు చెడుతుంది” అంటూ గురుమూర్తి పెన్నును బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూశాడు. ముఖం పాలిపోయింది.

“గంధకం!”

“అంటే?”

“అంటే పేలుడు పదార్థం. పీణ్య పారిశ్రామికవాడలో రహస్య కర్మాగారం. అక్కణ్ణుంచి సరుకు దేవనహళ్ళి విమానాశ్రయానికి. మధ్యలో సొన్నమ్మ.”

“మాది దేవనహళ్ళేనప్పా” అంది సొన్నమ్మ.

“నేరం ఒప్పుకుంది” అని నోటుబుక్కులో రాసుకున్నాడు.

తర్వాత వేలిముద్రలు. అందుకు కావలసిన పొడి తేవడం మరిచిపోయాడు. బాత్రూములోంచి తెల్ల పళ్ళపొడి డబ్బా తెచ్చి పెన్ను మీద దులిపాడు. మూత ఊడి డబ్బా మొత్తం పడింది. పెన్ను మీద, సోఫా మీద, అప్పుడే తుడిచిన నేల మీద. సొన్నమ్మ గుడ్డతో వంగబోయింది.

“ఆగు! ఆధారాలు తుడవొద్దు!”

అరగంట భూతద్దంతో వెతికితే దొరికిన వేలిముద్రలన్నీ అతనివే.

“నేరస్తుడు గండరగండడు. నా వేళ్ళనే అనుకరించాడు.”

వరూధిని గారు గడియారం చూశారు. “అయితే ఇక దొరకనట్టేనా?”

సొన్నమ్మకు ఏడుపొచ్చింది, వెనకే కోపమూ వచ్చింది. గురుమూర్తి చేతిలోంచి పెన్ను లాక్కుంది. “దొంగదాన్నయితే అయినాను. నేను పోయేముందు ఈ ఇంట్లో వస్తువు మురికిగా ఉండకూడదు” అంటూ మసి గిన్నె తోమినట్టు తడిగుడ్డతో తోమింది.

గుడ్డకు గోధుమరంగు అంటుకుంది. పెన్ను మీద వేలెడు మేర నలుపు తేలింది. ఇంకాస్త తోమింది. ఆ నలుపు మీద, సన్నటి గీతల్లో ఇరుక్కున్న పళ్ళపొడి తెల్లటి అక్షరాలై కనబడింది: పి. శేషాచలం.

“నాన్న!” అన్నారు వరూధిని గారు.

నేనింక ఎవర్నీ అడక్కుండా బాషాకు ఫోన్ చేశాను. “గట్టి రబ్బరును వేన్నీళ్ళలో నానబెట్టి ఎండ చూపించినారా సార్? రంగు పోక ఏమవుతాది? గట్టిపడేదానికి గంధకం కలుపుతారు, అందుకే ఆ వాసన. సన్నపొడితో రుద్దితే నలుపొస్తాది. మళ్ళీ మళ్ళీ రుద్దొద్దు, పేరు అరిగిపోతాది” అన్నాడాయన.

గురుమూర్తి గంభీరంగా నోటుబుక్కు తీశాడు. “కేసు ముగిసింది. నేరస్తుడు: వేన్నీళ్ళు. ప్రస్తుతం పరారీలో ఉన్నాడు.”

వరూధిని గారు సొన్నమ్మ చేతులు పట్టుకున్నారు. “తప్పు నాది సొన్నమ్మా. రేపు వస్తావు కదూ?”

“వస్తానమ్మా. నీ గాజులు సింకు పక్కన ఎన్నిసార్లు మరిచినావో, నేనెన్నిసార్లు ఎత్తిపెట్టినానో, ఒకసారి గ్యాపకం చేసుకో, చాలు.”

వరూధిని గారు తల వంచుకున్నారు.

సొన్నమ్మ కళ్ళు తుడుచుకుని, ఆ తడిగుడ్డను గురుమూర్తి చేతిలో పెట్టింది.

“ఆధారాలన్నీ కింద ఉండాయప్పా. తుడువు.”